క్రిస్మస్ మరునాడు వేళాంగణిలో

మా నల్గొండ వైపు నుంచి తమిళనాడు తీరంలోని వేళాంగణికి, అక్కడి ఆరోగ్యమాత (మరియమ్మ) గుడికి, వెళ్ళేవాళ్ళు ఎక్కువగా ఎండాకాలం సెలవుల్లో వెళ్తారు, లేదంటే ఆగస్టు 29న జెండా ఎక్కించిన దగ్గర్నుంచి సెప్టెంబర్ 8 మాత పండుగ లోపల వెళ్తారు. క్రిస్మస్ పూట ఇల్లు వదిలి ఎవరూ పోరు. మేం 2024లో పోయాం, అదీ సరిగ్గా డిసెంబర్ 26న అక్కడ ఉండాలని. సునామీకి అప్పటికి 20 ఏళ్ళు. మా పెద్దత్త అడిగింది, ఆమె ఇన్నేళ్ళలో మమ్మల్ని అడిగింది ఇదొక్కటే కాబట్టి ఎవరం కాదనలేదు.

పెద్దత్త అంటే మా మామయ్య అక్క. 2004 డిసెంబర్ 26 పొద్దున ఆమె వేళాంగణి గుడిలో ఉంది. ఆమె తమ్ముడు, మా ఆయనకు చిన్నాయన, సముద్రం ఒడ్డున ఉన్నాడు. ఆమె తిరిగొచ్చింది, ఆయన రాలేదు. శవం కూడా దొరకలేదు.

నా పుట్టిల్లు దేవరకొండ, ఎం.బి. (మెన్నోనైట్ బ్రెదరన్) అనే ప్రొటెస్టెంట్ చర్చి కుటుంబం మాది. 1890 ప్రాంతంలో రష్యా నుంచి నల్గొండకు వచ్చిన మెన్నోనైట్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ గురించి సండే స్కూల్లో వింటూ పెరిగాను. పెళ్ళయి ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్, ఇంటికి వచ్చాను. పూజకు పోతాను, పాటలు పాడతాను, కానీ మాత ముందు కొవ్వొత్తి వెలిగించడం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు, అలవాటైనట్టు నటించను కూడా. వేళాంగణి సంగతి మా నాన్నకు ఫోన్ చేసి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఏడ్చేవాళ్ళతో ఏడ్వుమని పౌలు చెప్పిండు కద బిడ్డా. పో, ఆమె పక్కన కూసో" అన్నారు.

అర్ధరాత్రి పూజ అయిపోయాక నిద్ర లేకుండానే తెల్లవారుజామున బస్సెక్కాం. మా విచారణ (మా గుడి పరిధి) నుంచే ఓ నలభై మందిమి, మాతో పాటు ఫాదర్‌గారు. చండూరు, మర్రిగూడ వైపు నుంచి వచ్చినవాళ్ళు కొందరు మెట్లు ఎక్కలేక ఎక్కలేక ఎక్కారు. ఆ వైపు ఫ్లోరైడ్ నీళ్ళు ఎముకలను ఏం చేస్తాయో మా జిల్లావాళ్ళకు చెప్పక్కర్లేదు. చిన్నాయన 2004లో మొక్కుకున్నది కూడా అందుకే. ముప్పై ఏళ్ళకే నడుం వంగిపోయి, కూలికి పోలేక, ఆరోగ్యమాతకు తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాడు.

మిర్యాలగూడ దాటి వాడపల్లి దగ్గర కృష్ణ మీదికి రాగానే జపమాల మొదలుపెట్టారు. ఒంగోలు దాటాక రోడ్డు పక్కన చెట్టు కింద ఆగి, గిన్నెల్లో తెచ్చుకున్న బగారన్నం, కోడికూర తిన్నాం. అదే మా క్రిస్మస్ విందు. నెల్లూరు, చెన్నై దాటేసరికి చీకటి పడింది, పాటలు ఆగిపోయాయి. పాండిచ్చేరి దాటాక అందరూ నిద్రపోతుంటే పెద్దత్త నాతో మాట్లాడింది. ఇంట్లో ఇన్నేళ్ళలో ఆ రోజు గురించి ఆమె నోట నేను ఒక్క మాట కూడా వినలేదు.

"గుండు చేపిచ్చుకొని సముద్రంల మునిగొస్త అక్కా అన్నడు. నేను మాతకు చీర ఇయ్యాలె, లైన్ల నిలబడ్డ. నువ్వు పోయిరా పో అన్న. గంతే. తొమ్మిది దాటినంక అరుపులు ఇనొచ్చినయి. మస్తు జనం గద, పోలీసోళ్ళు కొడుతున్నరేమో అనుకున్న."

కాసేపాగి అసలు మాట చెప్పింది. ఊరికి వచ్చిన దగ్గర్నుంచి అందరూ ఆమెతో అన్నది ఒకటే, మాత నిన్ను కాపాడింది అని. ఒకటి రెండు చోట్ల మైకు ముందు నిలబడి సాక్ష్యం చెప్పమని కూడా అడిగారంట. "నన్ను కాపాడింది అంటే వాన్ని ఇడిసిపెట్టింది అన్నట్టే గద బిడ్డా. వాడు నాకంటె ఏం తక్కువ భక్తుడు? వాని మొక్కుకే గద నేను తోడు పోయిన? నేనేం సాక్ష్యం చెప్పాలె?"

నాకు జవాబు తోచలేదు. ఆమె కూడా నా నుంచి జవాబు కోరి అడిగినట్టు లేదు. సీర్కాళి దగ్గర టీ కోసం బస్సు ఆపితే దిగి, టీ తాగి, మళ్ళీ ఎక్కి పడుకుంది.

వేళాంగణి చూడనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. తెల్లని గుడి, రెండు వైపులా ఎత్తయిన గోపురాలు. 17వ శతాబ్దంలో తుఫానులో చిక్కుకుని బతికి బయటపడ్డ పోర్చుగీసు నావికులు కృతజ్ఞతగా కట్టిన చిన్న గుడి ఇంతదయిందని చెప్తారు. 1962లో పోప్ 23వ జాన్ దీనికి బసిలికా, అంటే ప్రత్యేక గౌరవమున్న గుడి, హోదా ఇచ్చారు. గుడి నుంచి మాత కొలను దాకా ఇసుక దారి ఉంటుంది, జనం ఆ దారిలో మోకాళ్ళ మీద నడుస్తారు. గుడికి ఇంకోవైపు సముద్రానికి పోయే వీధి, రెండు పక్కలా గవ్వల దండలు, కొవ్వొత్తులు, బొమ్మలు, వేయించిన చేపలు అమ్మే అంగళ్ళు. ఆ వీధి పెద్ద పొడవేం కాదు, మాట్లాడుకుంటూ నడిస్తే ఒడ్డు వచ్చేస్తుంది. నాకు అక్కడే కాళ్ళు ఆగిపోయాయి. లైన్లో నిలబడ్డ అక్కకూ నీళ్ళలో దిగిన తమ్ముడికీ మధ్య ఉన్న దూరం ఇంతేనా అనిపించింది.

ఆ ఆదివారం నీళ్ళు బసిలికా మెట్ల దాకా వచ్చి ఆగిపోయాయని, లోపల పూజలో ఉన్నవాళ్ళకు ఏమీ కాలేదని భక్తులు చెప్పుకుంటారు. లోపలున్నవాళ్ళు బతికారు, నిజమే. ఒడ్డునా అంగళ్ళ దగ్గరా ఉన్నవాళ్ళు వందల్లో చనిపోయారు, అదీ నిజమే. వాళ్ళలో చాలామంది మనలాగా బయట రాష్ట్రాల నుంచి, వేరే ఊళ్ళ నుంచి క్రిస్మస్‌కు వచ్చిన యాత్రికులు. ఒక్క నాగపట్నం జిల్లాలోనే చనిపోయినవాళ్ళు 6,000 దాటారు. అన్ని దేశాల్లో కలిపితే దాదాపు 2,30,000 మంది.

26 పొద్దున పూజ అయ్యాక అందరూ మౌనంగా సునామీ స్మారక స్తూపం దగ్గరికి నడిచారు. కొవ్వొత్తులు, పూలు. స్థానిక మత్స్యకార కుటుంబాలు, యాత్రికులు, హిందువులు, ముస్లింలు అందరూ ఉన్నారు. కొందరు ఆడవాళ్ళు సముద్రంలో పాలు పోసి వచ్చారు. పెద్దత్త మోకాళ్ళు వంగవు, ఒకామె ఎక్కడి నుంచో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. ఆమె కూర్చుని నిత్య విశ్రాంతి జపం తెలుగులో గట్టిగానే చెప్పింది, చుట్టూ అరవంలో ఏదో ప్రార్థన నడుస్తున్నా ఆపలేదు. మా పుట్టింటి చర్చిలో చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యరు, దేవుని చేతిలో పెట్టేసి ఊరుకుంటాం. అయినా నేను ఆమె పక్కన నిలబడి ఆ మాటలు ఆమెతో పాటే చెప్పాను. నాకు ఇబ్బందేమీ అనిపించలేదు.

మధ్యాహ్నం లాడ్జి వరండాలో అందరం కూర్చున్నప్పుడు మా బస్సులోని ఒక తమ్ముడు లేచి, అలలు గుడి మెట్ల దగ్గర ఎలా ఆగాయో చాలా భక్తిగా చెప్పి, "ఆ రోజు గుడిలో ఉన్నోళ్ళు ధన్యులు" అన్నాడు. పిల్లవాడు మంచివాడు, పెద్దత్త సంగతి అతనికి తెలియదు. ఆమె తల దించుకుంది. అప్పుడు ఫాదర్‌గారు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు, సునామీ వచ్చిన ఆ ఆదివారం గుళ్ళలో చదివిన సువిశేషం (సువార్త భాగం) ఏదో ఎవరికైనా తెలుసా అని.

2004లో డిసెంబర్ 26 ఆదివారం కాబట్టి ఆ రోజు తిరుకుటుంబ పండుగ, అంటే యేసు, మరియ, యోసేపుల కుటుంబం పండుగ. చదివింది మత్తయి 2వ అధ్యాయం. దేవదూత కలలో యోసేపుకు కనబడి, లేచి తల్లినీ బిడ్డనూ తీసుకుని ఈజిప్టుకు పారిపో, హేరోదు బిడ్డను చంపాలని చూస్తున్నాడని చెప్పడం. రాత్రికి రాత్రే వాళ్ళు వెళ్ళిపోవడం. అయితే ఆ రోజు పఠనం 13 నుంచి 15వ వచనం దాకా చదివి, అక్కడి నుంచి 19కి పోతుంది. మధ్యలో మూడు వచనాలు ఉండవు. నేను ఫోన్‌లో బైబిల్ తెరిచి చూశాను, చూడకపోయినా తెలుసు. ఆ మూడు వచనాలూ హేరోదు బెత్లెహేములో రెండేళ్ళ లోపు మగపిల్లలను చంపించడం, రాహేలు తన పిల్లల కోసం ఏడ్చి ఏడ్చి, వాళ్ళు లేరు గనక ఓదార్పు వద్దనడం. వాటిని రెండు రోజుల తర్వాత, 28న, ఆ పసిబిడ్డల పండుగనాడు చదువుతారు.

ఫాదర్‌గారు ఎక్కువ మాట్లాడలేదు. తప్పించుకున్న బిడ్డ గురించి ఒక రోజు చదువుతాం, తప్పించుకోని పిల్లల గురించి ఇంకో రోజు చదువుతాం, రెండూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి, మత్తయి ఏదీ దాచలేదు అన్నారు. పెద్దత్త వైపు తిరిగి, "అమ్మా, సాక్ష్యం ఎవరడిగినా మీరు రెండూ చెప్పండి, లేదా ఏదీ చెప్పకండి" అన్నారు. ఆ తమ్ముడికి విషయం అర్థమై ఆమె దగ్గరికొచ్చి కింద కూర్చున్నాడు. ఆమె అతని తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు చెప్పింది అబద్ధం కాదు బిడ్డా, సగం" అంది.

2005లో మా వైపు కొన్ని మీటింగుల్లో సునామీ దేవుని శిక్ష అని ప్రసంగించినవాళ్ళు ఉన్నారు, నేను చెవులారా విన్నాను. నాకు అప్పుడూ కోపం వచ్చింది, ఇప్పుడూ వస్తుంది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్ళు యెరూషలేములో ఉన్న అందరికంటే పాపులనుకుంటున్నారా, కాదు అని యేసే చెప్పాడు. లూకా 13. అంత స్పష్టంగా చెప్పాక కూడా చచ్చినవాళ్ళ మీద పాపం మోపడానికి నోరెలా వస్తుందో నాకు తెలియదు. ఆ పొద్దున పూజలో ఉన్నవాళ్ళకూ ఒడ్డున ఉన్నవాళ్ళకూ తేడా భక్తిలో లేదు, నిలబడ్డ చోటులో ఉంది.

నాకు అన్నిటికంటే మనసులో నాటుకుపోయింది యోసేపు సంగతి. ఆయనకు టైముకు కబురు అందింది. ఆ ఆదివారం సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూకంపం వచ్చింది మన టైము ప్రకారం పొద్దున ఆరున్నరకు. తమిళనాడు తీరానికి అలలు వచ్చేసరికి తొమ్మిది. మధ్యలో దాదాపు రెండున్నర గంటలున్నాయి. ఒడ్డు వదిలి లోపలికి నడవడానికి నడుం వంగిన మనిషికి కూడా సరిపోయే టైము. పసిఫిక్ తీర దేశాలకు అప్పటికే దశాబ్దాలుగా హెచ్చరిక వ్యవస్థ ఉంది, హిందూ మహాసముద్రానికి లేదు. చిన్నాయనకు కబురు చెప్పే దేవదూత రాలేదని ఏడ్వాలా, మనుషులు ఆ పని చేసి పెట్టుకోలేదని ఏడ్వాలా? నేనైతే రెండోదానికే ఎక్కువ ఏడుస్తాను.

ఆ హెచ్చరిక కేంద్రం ఇప్పుడు మన హైదరాబాద్‌లోనే ఉంది, ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార కేంద్రంలో. 2007 అక్టోబర్ నుంచి పనిచేస్తోంది. సముద్రం అడుగున పెట్టిన పరికరాలు నీటి ఒత్తిడిలో మార్పును పట్టుకుంటాయి, భూకంపం వచ్చిన కొన్ని నిమిషాల్లోనే తీరాలకు కబురు పోతుంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర మళ్ళీ 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు హెచ్చరికలు వెళ్ళాయి, అదృష్టం కొద్దీ పెద్ద అలలు రాలేదు. ఈ సంగతి బస్సులో చెప్తే చాలామందికి కొత్త. సముద్రం లేని తెలంగాణలో కూర్చుని కొందరు రాత్రింబవళ్ళు సముద్రాన్ని కనిపెట్టుకుని ఉన్నారంటే పెద్దత్త నమ్మలేదు, మళ్ళీ మళ్ళీ అడిగింది. ఆ రాత్రి జపమాలలో ఒక గుత్తి (పది జపాలు) ఆ డ్యూటీలో ఉన్నవాళ్ళ కోసం చెప్పించింది.

తిరుగు ప్రయాణంలో తరంగంబాడి దగ్గర ఆగాం. అది నా కోరిక. 1706లో జీగెన్‌బాల్గ్ అనే జర్మన్ యువకుడు దిగిన ఒడ్డు అది, మన దేశానికి వచ్చిన మొదటి ప్రొటెస్టెంట్ మిషనరీ. సునామీ ఆ ఊరినీ వదల్లేదు. ఆర్‌సీఎం వాళ్ళందరూ నా కోసం దిగి, అక్కడి చర్చి లోపల కూర్చుని ఒక కీర్తన పాడారు. ఎండ బాగా ఉంది, పిల్లలు ఐస్‌క్రీమ్ అడిగారు, ఎక్కువసేపు ఉండలేదు.

28న నల్గొండలో పొద్దున పూజకు బస్సులో వచ్చినవాళ్ళలో సగం మందైనా వచ్చారు, ఆ తమ్ముడు కూడా. ఫాదర్‌గారు ఆ మూడు వచనాలు చదివి, చిన్నాయన పేరు చదివారు. పూజ అయ్యాక ఆయనా పెద్దత్తా కలిసి అనుకున్నదేమిటంటే, ఇకనుంచి ఏటా డిసెంబర్ 28న మన వైపు నుంచి 2004లో వేళాంగణికి పోయి తిరిగిరాని అందరి పేర్లూ చదవాలని. ఇప్పటికి ఆమె దగ్గరున్నది ఒక్క పేరే. మిర్యాలగూడ, దేవరకొండ, సూర్యాపేట, పాలమూరు వైపు ఎవరింట్లోనైనా అలాంటివాళ్ళుంటే, ఆర్‌సీఎం అయినా కాకపోయినా, క్రైస్తవులు కాకపోయినా సరే, మీ దగ్గర్లోని గుడిలో పేరు ఇవ్వండి. వాళ్ళు మాకు చేరుస్తారు, లేదా అక్కడే చదువుతారు.