237తో మొదలయ్యే నంబరు: పాత జీటీఓ కొన్న నా అనుభవం

కారు గ్రిల్ మీద జీటీఓ అని ఉంది, అంటే అమెరికాలో పాంటియాక్ కంపెనీ 1960ల్లో తెచ్చిన జోరైన కారు. ముందు చక్రాల వెనక ఫెండర్ల మీద '6.5 లీటర్' అనే చిన్న బ్యాడ్జీలు ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చిన హెడ్‌లైట్లు, బానెట్ మధ్యలో స్కూప్, అన్నీ 1965 మోడల్‌కి ఉండాల్సినట్టే ఉన్నాయి. బాడీ నంబరు మాత్రం 237తో మొదలైంది. 237 అంటే అదే కంపెనీ మామూలు కారు, పాంటియాక్ టెంపెస్ట్ లెమాన్. "1965 జీటీఓలన్నీ అంతే సార్" అన్నాడు అమ్మే మనిషి. ఆ మాటలో అబద్ధం లేదు. ఆ ఒక్క నిజాన్ని పట్టుకునే నన్ను మోసం చేశాడు.

నేను డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉంటాను, కార్ల కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసే పని. పన్నెండేళ్లుగా ప్రతి ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ పక్కన కుర్చీ వేసుకుని పాత కార్లు చూడటం అలవాటు. 1995లో మొదలైన డ్రీమ్ క్రూజ్ అనే ఆ పాత కార్ల పండగకి ఎక్కడెక్కడి నుంచో కార్లు వస్తాయి. ఒక ఏడాది సిగ్నల్ దగ్గర ఆగిన జీటీఓ ఐడ్లింగ్ శబ్దం గుండెల్లో గుద్దినట్టు అనిపించింది. ఆ రోజే అనుకున్నాను, ఎప్పటికైనా ఇది కొనాలని.

నంబరు గొడవ అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1960ల మొదట్లో రేసుల్లో పాంటియాక్‌కి ఎదురు లేదు. డేటోనా 500 అనే పెద్ద కార్ల రేసును 1961లో మార్విన్ పాంచ్ గెలిచాడు, 1962లో ఫైర్‌బాల్ రాబర్ట్స్ గెలిచాడు, ఇద్దరివీ పాంటియాక్‌లే. డ్రాగ్ రేసుల కోసం బరువు తగ్గించాలని 1963 పాంటియాక్ కాటలీనా కార్ల ఛాసిస్‌కి జల్లెడలా చిల్లులు పొడిచారు. అలాంటివి 14 కార్లే తయారయ్యాయి. సరిగ్గా అప్పుడే, 1963 జనవరిలో, పాంటియాక్ మాతృసంస్థ జనరల్ మోటార్స్ పైఅధికారులు తమ కంపెనీలేవీ రేసుల్లో పాల్గొనకూడదని ఆర్డర్ వేశారు.

రేసు ట్రాక్ మూసుకుపోయేసరికి పాంటియాక్ ఇంజనీర్లు ఆ జోరును రోడ్డు మీదికి తెచ్చారు. జాన్ డెలోరియన్, బిల్ కాలిన్స్, రస్ గీ కలిసి చూసింది ఏమిటంటే, పెద్ద కార్లకు వాడే 389 క్యూబిక్ అంగుళాల ఇంజన్, చిన్నదైన టెంపెస్ట్‌లో ఉండే 326 ఇంజన్ బయటి కొలతల్లో ఒకటే. అవే మౌంట్ల మీద కూర్చుంటుంది. అయితే టెంపెస్ట్ సైజు కార్లలో 330 క్యూబిక్ అంగుళాలు దాటిన ఇంజన్ పెట్టకూడదని కంపెనీ రూలు. కొత్త మోడల్ అంటే పైనుంచి అనుమతి రావాలి. అందుకని మోడల్‌గా కాకుండా, లెమాన్ మీద కొనుక్కోగలిగే ఒక ఆప్షన్‌గా పెట్టారు. సేల్స్ విభాగం 5,000 అమ్ముడైతే చాలనుకుంది. మొదటి ఏడాది, 1964లో, 32,450 పోయాయి. 1965లో 75,352. 1966కి గానీ జీటీఓ సొంత మోడల్ కాలేదు. అప్పటి నుంచే దాని బాడీ నంబరు 242తో మొదలవుతుంది.

రూలును దాటడానికి వాళ్లు వేసిన ఆ ఎత్తు వల్లే అరవై ఏళ్ల తర్వాత నాకు ఈ చిక్కు వచ్చింది. 1964, 65 కార్ల నంబరులో జీటీఓ అన్న ఊసే ఉండదు. మామూలు లెమాన్ కొని, బ్యాడ్జీలు అతికించి, స్కూప్ ఉన్న బానెట్ బిగిస్తే కళ్లతో కనిపెట్టడం కష్టం.

తేల్చగలిగేది కాగితం ఒక్కటే. 1961 నుంచి పాంటియాక్ డీలర్లకు పంపిన కార్ల బిల్లింగ్ రికార్డులు పీహెచ్‌ఎస్ అనే సంస్థ దగ్గర ఉన్నాయి. బాడీ నంబరు ఇచ్చి ఫీజు కడితే ఆ కారు తాలూకు రికార్డు కాపీ పంపుతారు. నేను చేసిన తప్పు, ముందు 500 డాలర్లు అడ్వాన్స్ ఇచ్చి తర్వాత కాగితం తెప్పించుకోవడం. కాపీ వచ్చింది. అది 326 ఇంజన్‌తో ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన మామూలు లెమాన్. అడ్వాన్స్ వెనక్కి రాలేదు. డబ్బు కంటే, మూడు వారాలు ఆ కారు ఫొటోలు చూసుకుంటూ నిద్రపోయిన రోజులు గుర్తొచ్చి ఎక్కువ బాధేసింది.

ఎవరైనా కొనాలనుకుంటే చెప్పేది ఒకటే. ముందు నంబరు అడగండి, కాగితం తెప్పించండి, తర్వాతే కారు చూడ్డానికి వెళ్లండి. కారు చూశాక మనసు మన మాట వినదు.

రెండో కారు ఒహాయోలో దొరికింది. ఈసారి కాగితం ముందే తెప్పించాను. నిజమైన జీటీఓ, నాలుగు గేర్ల మాన్యువల్, ఫోర్ బ్యారెల్ (నాలుగు గాలి గొట్టాల) కార్బ్యురేటర్, 335 హార్స్‌పవర్. వెళ్లి బానెట్ ఎత్తితే లోపల ట్రై పవర్ ఉంది! అంటే వరసగా మూడు టూ బ్యారెల్ కార్బ్యురేటర్లు. మామూలుగా నడిపేటప్పుడు మధ్యది ఒక్కటే పనిచేస్తుంది, యాక్సిలరేటర్ లోతుగా తొక్కితే ముందుదీ వెనకదీ తెరుచుకుంటాయి. ఆ ఏడాది ట్రై పవర్ ఇంజన్‌కి 360 హార్స్‌పవర్. ధర కూడా ఎక్కువ పలుకుతుంది. కాగితానికీ కంటికీ పొత్తు కుదరలేదు, మళ్లీ టెన్షన్ మొదలైంది.

బ్లాక్ ముందు భాగంలో, ప్యాసింజర్ వైపు, సిలిండర్ హెడ్ కింద ఇంజన్ కోడ్ కొట్టి ఉంటుంది. అరవై ఏళ్ల గ్రీజు, పెయింటు పేరుకుని నల్లటి చెక్కులా ఉంది. ఇత్తడి బ్రష్‌తో మెల్లగా రుద్దాను, గుడ్డతో తుడిచాను, దాని మీద సుద్దముక్క రాశాను. గుంటలు నల్లగా ఉండిపోయి చుట్టూ తెల్లబడింది. టార్చి పక్కనుంచి వాల్చి వేస్తే 'డబ్ల్యూటీ' అని కనిపించింది. డబ్ల్యూటీ అంటే ఫోర్ బ్యారెల్, మాన్యువల్ గేర్. ట్రై పవర్ మాన్యువల్ అయితే డబ్ల్యూఎస్ ఉండాలి. పైనున్న ఇంజన్ నంబరు ఒక్కొక్క అంకె చదువుతుంటే మా ఆవిడ పక్కన నిలబడి కాగితంతో సరిచూసింది. చివరి అంకె కలిశాక ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఓనరు పెద్దాయన, డెబ్భై దాటినట్టున్నాడు. అడగకుండానే చెప్పాడు, ట్రై పవర్ తర్వాత తాను పెట్టించిందేనని. కార్బ్యురేటర్ కూర్చునే పాత మానిఫోల్డు, కార్టర్ కంపెనీ ఫోర్ బ్యారెల్ కార్బ్యురేటర్ అట్టపెట్టెలో భద్రంగా ఉంచాడు. "అవి కూడా నీవే" అన్నాడు. అక్కడే ధర మాట్లాడుకున్నాం.

టైటిల్ మార్చుకోవడం, ఇన్సూరెన్సు పెద్ద కష్టం కాలేదు. మిషిగన్‌లో ఇలాంటి పాత బండ్లకు హిస్టారిక్ ప్లేట్ ఇస్తారు. దానితో రోజూ ఆఫీసుకి వెళ్లకూడదు, షోలకూ క్లబ్ కార్యక్రమాలకే నడపాలి. ఆగస్టు నెలంతా మాత్రం మామూలుగా తిప్పుకోవచ్చు.

అసలు పని గ్యారేజీలో. మొదట బ్రేకులు. ఈ కారుకి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, పైగా బ్రేక్ ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్‌లో ఒకటే గది. ఎక్కడ ఒక పైపు లీకైనా నాలుగు బ్రేకులూ పోతాయి. అసలుతనం నాకు ముఖ్యమే, కానీ ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. రెండు గదుల మాస్టర్ సిలిండర్ పెట్టించి, పైపులన్నీ కొత్తవి వేయించాను. పాతది విప్పి దాచాను.

తర్వాత ట్రై పవర్ తీసి ఫోర్ బ్యారెల్ పెట్టాను. తెలిసినవాళ్లంతా వద్దన్నారు. వాళ్ల వాదనలోనూ బలముంది. ఆ రోజుల్లో ఇక్కడికి దగ్గర్లోనే రాయల్ ఓక్‌లో రాయల్ పాంటియాక్ అనే డీలరు జీటీఓలకు పల్చటి హెడ్ గ్యాస్కెట్లు వేసి, డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్క్ పడే సమయం మార్చి, బాబ్‌క్యాట్ అని పేరు పెట్టి అమ్మేవాడు. కొన్న తర్వాత కారుకి జోరు పెంచుకోవడం కూడా దీని చరిత్రే. అందుకే ఆ మూడు కార్బ్యురేటర్లను అమ్మలేదు, నూనె గుడ్డలో చుట్టి పెట్టాను. కానీ బండి కోసం ఇంత కాగితం వెతికి, చివరికి దానికి భిన్నంగా నడపడం నాకు మనస్కరించలేదు.

మానిఫోల్డు మార్చేటప్పుడు ప్లగ్ వైర్లు పీకాల్సి వచ్చింది. మళ్లీ పెట్టి స్టార్ట్ చేస్తే బండి వణుకుతోంది, బ్యాక్‌ఫైర్ కొడుతోంది. రెండు రోజులు కార్బ్యురేటర్‌నే అనుమానించి దాంతోనే కుస్తీ పట్టాను. మూడో రోజు రాత్రి విజయవాడ ఫోన్ చేశాను. మా నాన్న ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు మెకానిక్. వీడియోలో చూడనే లేదు, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"మిస్సింగ్ కొడుతోంది రా. ఎన్ని సిలిండర్లు?"

"ఎనిమిది నాన్నా."

"అంబాసిడర్‌కి ఒకటి మూడు నాలుగు రెండు. దీనికి ఆర్డర్ ఎంత? రోటరు ఎటు తిరుగుతుందో చూశావా?"

చూడలేదు. పాంటియాక్‌కి సిలిండర్లు మండే వరస 1-8-4-3-6-5-7-2, ప్లగ్గులకు కరెంటు పంచే రోటరు తిరిగేది గడియారానికి ఎదురు దిశలో. నేను 5, 7 వైర్లు తారుమారు చేశాను. మార్చి తాళం తిప్పగానే బండి ఒక్కసారిగా కుదురుకుంది. తర్వాత నాన్న ఫోన్‌లో ఉండగానే పాయింట్లు సెట్ చేశాను. ఈ డిస్ట్రిబ్యూటర్ మూతకి చిన్న కిటికీ ఉంటుంది. రేకు తలుపు పైకెత్తి, ఇంజన్ నడుస్తుండగానే లోపల స్క్రూని అలెన్ కీతో తిప్పుతూ మీటర్లో డ్వెల్ (పాయింట్లు మూసుకుని ఉండే కోణం) 30 డిగ్రీలకు తేవాలి. "విప్పకుండానే సెట్ చేసుకోవచ్చా? భలే పెట్టాడు రా" అని నాన్న మూడుసార్లు అన్నాడు. టైమింగ్ 6 డిగ్రీలకు పెట్టాక ఐడ్లింగ్ నిలబడింది. నాన్న చాలాసేపు ఫోన్ పెట్టలేదు, వింటూనే ఉన్నాడు.

ఆగస్టులో వుడ్‌వర్డ్ ఎక్కాం. పిల్లలు వెనక సీట్లో, మా ఆవిడ చేతిలో పులిహోర డబ్బా. రాయల్ ఓక్ దగ్గర సిగ్నల్ పడితే ఆగాం. పక్కన కుర్చీలో కూర్చున్న ఒకాయన లేచి వచ్చి, ట్రై పవరా అని అడిగాడు. కాదు, ఫోర్ బ్యారెల్, ఇంజన్ ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది అన్నాను. మా అన్నయ్యకి ఇదే ఉండేదని చెప్పి, ఫెండర్ మీద అరచేయి ఆనించి గ్రీన్ పడేదాకా అక్కడే నిలబడ్డాడు.

ఎడమ వెనక డ్రమ్ము ఇంకా కొంచెం పట్టేస్తోంది. చలికాలంలో విప్పాలి. నాన్న వీసా వస్తే ఆ పని ఆయన చేతులతోనే చేయిద్దామని ఆపాను.