రెండేళ్లు మేము పెంచినవి కాలేయ కణాలు కావు

పోయిన నెలలో మా ప్రయోగశాలలో రెండేళ్ల పని వృథా అయింది. ఆ పనికి బాధ్యురాలిని నేనే కనుక, గాయం పచ్చిగా ఉండగానే జరిగినదంతా రాసిపెడుతున్నాను. క్యాన్సర్ పరిశోధనలో సీనియర్ సైంటిస్టు అయ్యాక పిపెట్ పట్టే గంటలు తగ్గి, ఇతరులు తెచ్చిన ఫలితాలను ఆమోదించే గంటలు పెరుగుతాయి. నేను ఆమోదించిన ప్రతి పటం కిందా ‘కాలేయ క్యాన్సర్ కణాలు, బెల్-7402’ అనే ఉంది.

కణితులను అడ్డుకునే పీ53 ప్రోటీన్‌ను ఒక మందు ఈ కణాలలో ఎలా పెంచుతుందన్నది మా వ్యాసం. దానిని పంపినప్పుడు పత్రిక వారు సెల్ లైన్ (ఒకే మూలం నుంచి ప్రయోగశాలలో తరతరాలుగా పెంచే కణాలు) గుర్తింపు పరీక్ష నివేదిక కావాలన్నారు. డీఎన్‌ఏ తీయడం ఒక పూట పని. ఫారం నింపడం, నమూనా పంపడం ఇబ్బంది లేకుండా జరిగిపోయాయి.

నివేదిక వచ్చిన రోజు మా జూనియర్ పరిశోధకురాలు కాగితం నా బల్ల మీద పెట్టి, ఒక అంకె కింద వేలు ఉంచింది. ఎస్‌టీఆర్ పరీక్షలో డీఎన్‌ఏలోని కొన్ని నిర్ణీత స్థానాల వద్ద చిన్న అక్షరాల వరుస ఎన్నిసార్లు పునరావృతమైందో లెక్కిస్తారు. డీ13ఎస్317 అనే స్థానం వద్ద మా కణాలకు 12, 13.3 అని వచ్చింది. ఆ 13.3 చాలా అరుదైన అంకె. ‘‘మేడం, ఇవి హీలా కణాలండీ’’ అని ఆమె మెల్లగా అంది.

1951లో హెన్రియెటా లాక్స్ అనే మహిళ గర్భాశయ ముఖద్వార కణితి నుంచి తీసిన కణాలే హీలా. అవి ఎంత వేగంగా పెరుగుతాయంటే, పొరపాటున ఒక్క చుక్క మరో ఫ్లాస్కులో పడినా కొన్ని వారాలలో అసలు కణాలను మింగేసి ఫ్లాస్కంతా తామే నిండిపోతాయి. ఇలా ఎన్నో సెల్ లైన్లు హీలాగా మారిపోయాయని స్టాన్లీ గార్ట్లర్ 1960లలోనే చూపించారు. ఇదంతా నాకు తెలుసు, విద్యార్థులకు పాఠంగా చెప్పాను కూడా. పేరు తప్పిన సెల్ లైన్ల అంతర్జాతీయ జాబితాలో బెల్-7402 ఉందని మాత్రం నేను చూడలేదు. ఆ జాబితా ఎవరైనా ఉచితంగా చూడవచ్చు, అయిదు నిమిషాల పని.

అంతకంటే నన్ను కుంగదీసింది మరొకటి. ఏడాదిన్నర క్రితం ఇదే అమ్మాయి ఒక బ్లాట్ (ప్రోటీన్లను నల్లని పట్టీలుగా, అంటే బ్యాండ్‌లుగా చూపే చిత్రం) తెచ్చి, మందు వేయని కణాలలో పీ53 బ్యాండ్ దాదాపు కనబడటం లేదని, కాలేయ కణాలైతే ఉండవలసిన ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కూడా లేదని చెప్పింది. ముదిరిన కణితి కణాలు ఆల్బుమిన్ తయారుచేయడం మానేస్తాయని, పీ53 కోసం చిత్రం తీసే ఎక్స్‌పోజర్ సమయం పెంచమని జవాబిచ్చి పంపించాను. హీలా కణాలలో హెచ్‌పీవీ-18 వైరస్ డీఎన్‌ఏ ఉంటుంది, దాని ఈ6 ప్రోటీన్ పీ53ను నాశనం చేస్తూ ఉంటుంది. ఆమె చూసిన పలుచని బ్యాండ్‌కు కారణం అదే. నివేదిక వచ్చిన మరుసటి రోజే, డీఎన్‌ఏను పట్టిచ్చే పీసీఆర్ పరీక్ష చేసి చూస్తే మా ‘కాలేయ’ కణాలలో హెచ్‌పీవీ-18 స్పష్టంగా కనబడింది. వారాంతపు సమావేశంలో అందరి ముందు నిలబడి, ఆమె సరిగ్గా చూసిందని, నేను వినలేదని చెప్పాను. ఆ గదిలో ఒక్కరూ మాట్లాడలేదు.

ఆ కణాలను మాకిచ్చిన ప్రయోగశాల మీద నా కోపం ఇంకా చల్లారలేదు. ఎన్ని పాసేజ్‌లు అయ్యాయో (కణాలను ఎన్నిసార్లు కొత్త ఫ్లాస్కులోకి మార్చి పెంచారో) రాయకుండా వయల్ (కణాల చిన్న సీసా) పంపించారు. ఇప్పుడు విషయం తెలిపితే, ఎన్నో ఏళ్లుగా అందరూ వాడుతున్నారు కదా అని ఒక వాక్యంతో సరిపెట్టారు. రోగికి పనికిరావలసిన పరిశోధనలో అటువంటి జవాబు ఇవ్వడం నేరమని నేను నమ్ముతాను. కణాలను సెల్ బ్యాంకు నుంచే తెచ్చుకోండి, స్నేహం కొద్దీ ఎవరిచ్చినా తీసుకోకండి. పని మొదలుపెట్టే ముందు ఒకసారి, వ్యాసం రాసే ముందు ఒకసారి ఎస్‌టీఆర్ చేయించండి. కణాలను పెంచే పోషక ద్రవం, అంటే మీడియం, ఒకే సీసాను రెండు సెల్ లైన్లకు వాడనివ్వకండి. కణాలకు సోకే మైకోప్లాస్మా బ్యాక్టీరియా కోసం పరీక్ష ఎలాగూ చేస్తూనే ఉంటారు.

వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నాం. ద్రవ నైట్రోజన్ ట్యాంకులో ఆ పేరుతో ఉన్న వయల్స్ అన్నిటినీ నేనే తీసి, నా చేతులతోనే, ఆవిరి వేడితో అన్నిటినీ చంపే ఆటోక్లేవ్‌లో పెట్టాను. ఇప్పుడు గుర్తింపు నివేదికతో సహా వచ్చిన హెప్ జీ2 అనే కాలేయ క్యాన్సర్ కణాలతో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. అవి గుంపులు గుంపులుగా, నిదానంగా పెరుగుతున్నాయి. నిన్న సాయంత్రం ఆ అమ్మాయి తెచ్చిన బ్లాట్‌లో ఆల్బుమిన్ బ్యాండ్ నల్లగా, మందంగా ఉంది. ఎక్స్‌పోజర్ పది సెకన్లే ఇచ్చానని చెప్పింది.