డైటింగ్, ఇంజెక్షన్, ఆఖరికి ఆపరేషన్

బరువు తగ్గడానికి నేను చేయించుకున్న ఆపరేషన్ అయి రెండేళ్లయింది. ఒకప్పుడు నా బరువు 134 కిలోల దాకా వెళ్లింది, ఎత్తు 165 సెంటీమీటర్లు, అంటే ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే బీఎంఐ 49, చాలా ఎక్కువ. షుగర్ ఉంది. రాత్రిళ్లు నిద్రలో ఊపిరి ఆగిపోయేది, ముఖానికి సీప్యాప్ మాస్కు, అంటే ఊపిరి ఆగకుండా గాలిని ఒత్తిడితో పంపే మెషిన్ మాస్కు, పెట్టుకునే పడుకునేదాన్ని.

"తిండి తగ్గించు, నడువు" అని చెప్పనివాళ్లు లేరు. తగ్గించాను కూడా. ఏడాదిపాటు పట్టుబట్టి 14 కిలోలు తగ్గితే, తర్వాత ఏడాదిన్నరలో 16 పెరిగాను. అది నా బలహీనతేనని చాలాకాలం ఏడ్చాను. బరువు తగ్గేకొద్దీ ఒళ్లు కేలరీల ఖర్చు తగ్గించుకుంటుందని, ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ పెరుగుతుందని డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించేదాకా నాకెవరూ చెప్పలేదు. ఆ ముక్క పదేళ్ల ముందు తెలిసుంటే ఎంత బాగుండేదో.

ఆపరేషన్ అంటే భయం కాబట్టి ముందు ఆకలి తగ్గించే సెమాగ్లూటైడ్ అనే మందు వాడాను, వారానికో ఇంజెక్షన్. 2021లో వచ్చిన ట్రయల్‌లో షుగర్ లేనివాళ్లు 68 వారాల్లో సగటున 15 శాతం దాకా తగ్గారు, షుగర్ ఉన్నవాళ్లకి అంత తగ్గదని ముందే చెప్పారు. నేను 118కి దిగాను. తిండి ధ్యాస లేకుండా ఒక పూట గడవడం నాకు అదే మొదటిసారి. కానీ డోసు పెంచిన ప్రతిసారీ వాంతులు, మంచినీళ్లు కూడా కడుపులో నిలిచేవి కావు, ఆపేయాల్సి వచ్చింది. ఆపాక ఆకలి తిరిగొచ్చింది, ఏడాది తిరిగేసరికి 129. మందుని తప్పుపట్టను, నాతోపాటు మొదలుపెట్టిన ఒకావిడకి బాగా పడింది, ఇంకా వాడుతోంది. ఆపితే పెరుగుతామన్న సంగతి మాత్రం మొదలుపెట్టేముందే తెలియాలి.

తర్వాత స్లీవ్ అనుకున్నాం, అంటే జీర్ణాశయంలో దాదాపు 80 శాతం తీసేసి సన్నటి గొట్టంలా ఉంచడం. నాకేమో ఎప్పటినుంచో యాసిడ్ పైకి తన్నేది, స్లీవ్‌తో అది ఇంకా ఎక్కువ కావచ్చు, "నీకు గ్యాస్ట్రిక్ బైపాసే నయమమ్మా" అన్నారు, అంటే జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిలా విడదీసి నేరుగా పేగుకి కలపడం. ముందు రెండు వారాలు ద్రవాహారమే, లివర్ కాస్త చిన్నదైతే లాపరోస్కోపీకి, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్‌కి, చోటు దొరుకుతుందని. ఆపరేషన్ అయిన సాయంత్రమే లేపి నడిపించారు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా.

దీన్ని షార్ట్‌కట్ అంటే నాకు చాలా కోపం వస్తుంది. నాలుగో నెలలో దువ్వెన నిండా జుట్టే. ఒకరోజు తీపి కాస్త ఎక్కువ తిన్నాను, పావుగంటలో గుండెదడ, చెమటలు, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, పడుకుంటే గానీ తగ్గలేదు, దాన్ని డంపింగ్ అంటారట. రోజుకి 60 గ్రాముల ప్రొటీన్ లెక్కపెట్టుకుని తినాలి. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ బతికున్నంతకాలం వేసుకోవాలి.

ఇప్పుడు 92. షుగర్ మాత్రలు ఆపించారు, అది మళ్లీ రావచ్చని ఆరునెలలకోసారి పరీక్ష చేయిస్తున్నారు. నిద్ర పరీక్ష కూడా మళ్లీ చేసి, మాస్కు ఇక అక్కర్లేదన్నారు. మాస్కు లేకుండా పడుకున్న మొదటి రాత్రి నేను హాయిగా నిద్రపోయాను, మా ఆయన మాత్రం నాకు ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూ తెల్లారేదాకా పక్కనే కూర్చున్నారట.