ఒమెగా సెంటారీని చూశాం

విశాఖ పక్కనున్న యారాడ వైపు ఊరి లైట్లకి కొండ అడ్డం. అందుకే దక్షిణాన సముద్రం మీద ఆకాశం బాగా నల్లగా ఉంది. బైనాక్యులర్స్‌లో ఒమెగా సెంటారీ ఓ మసక చుక్కలా దొరికింది. మేనల్లుడు చాలాసేపు చూసి, "మావయ్యా, అంచులు చెదిరినట్టున్నాయి, ఇది ఒక్క నక్షత్రం కాదు" అన్నాడు. నిజమే. సుమారు 17 వేల కాంతి సంవత్సరాల దూరంలో కోటి దాకా నక్షత్రాలున్న గుంపు అది.

దాని వయసెలా తెలుస్తుందో వాడికి చెబుతుంటే నాకే ఒళ్లు పులకరించింది. మామూలుగా ఒక గుంపులోని నక్షత్రాలు దాదాపు ఒకే కాలంలో పుడతాయి. బరువైన నీలి నక్షత్రాలు ఇంధనాన్ని త్వరగా తగలేసి ముందే పోతాయి, చిన్నవి నిదానంగా మండుతాయి. ఏ బరువు దాకా ఇంకా మిగిలాయో చూస్తే వయసు తేలిపోతుంది. కృత్తికల్లో నీలివి ఇంకా వెలుగుతున్నాయి, వాటి వయసు పది కోట్ల ఏళ్ల చిల్లరే. ఒమెగా సెంటారీకి సుమారు 1200 కోట్లు! విశ్వం వయసేమో 1380 కోట్లు. అది పూర్తిగా వేరే దారిలో, బిగ్ బ్యాంగ్ తర్వాత మిగిలిన తొలి కాంతిని కొలిచి తేల్చిన లెక్క. అయినా రెండింటికీ పొంతన కుదిరింది, గుంపు వయసు విశ్వం వయసుని దాటలేదు. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

అన్నట్టు, 1840 ప్రాంతంలోనే గోడే వెంకట జగ్గారావు గారు మన విశాఖలో సొంత ఖర్చుతో వేధశాల పెట్టారు. ఇక్కడి పిల్లలకి బడిలో ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

మే నెలలో, చంద్రుడు లేని రోజు, రాత్రి తొమ్మిది పది మధ్య దక్షిణం వైపు చూడండి. మామూలు బైనాక్యులర్స్ చాలు.