మాయోర్నాలో చూసిన ఫ్లాటు

ఆదివారం

స్వీడన్‌లోని మా గోథెన్‌బర్గ్‌లో పదకొండో నంబరు ట్రాము ఎక్కి మాయోర్నాలో దిగితే, వీధుల నిండా మూడంతస్తుల పాత ఇళ్లు కనిపిస్తాయి. కింది అంతస్తు ఇటుకది, పై రెండూ చెక్కవి. అగ్ని ప్రమాదాల భయంతో చెక్క ఇళ్లు రెండంతస్తులు దాటకూడదన్న నియమం ఉన్న రోజుల్లో, అడుగున ఇటుకతో కడితే పైన రెండు చెక్క అంతస్తులు వేసుకోవచ్చని 1870లలో ఒక దారి దొరికింది. కార్మికుల కోసం కట్టిన ఇళ్లు ఇవి. వీటికి ఇప్పుడెంత గిరాకీయో ఈ రోజు కళ్లారా చూశాను.

అమ్మకానికి పెట్టిన ఫ్లాటు చూడటానికి వచ్చినవాళ్లం, గుమ్మం దగ్గర అందరం చెప్పులకు నీలం ప్లాస్టిక్ తొడుగులు వేసుకొని లోపలికి వెళ్లాం. మిగతావాళ్లు కిటికీలు, బాల్కనీ చూస్తుంటే నేను సెల్లార్‌లోకి దిగాను. బట్టలుతికే ఉమ్మడి గది బయట గోడకు ఒక పలక, దాని మీద తేదీలు, వేళలు. ఇంటికొక చిన్న తాళం. కావలసిన వేళ దగ్గర బిగించుకుంటే ఆ సమయం ఆ ఇంటివాళ్లది. లోపల యంత్రాలు తుడిచి ఉన్నాయి, నేల మీద నూలుపోగు కూడా లేదు. ఈ ఇరుగుపొరుగుతో కలిసి ఉండవచ్చనిపించింది.

ఇక్కడ అది చిన్న విషయం కాదు. నేల, భవనం ఇంటివాళ్లందరి సొసైటీవి. మనం కొనేది అందులో వాటా, ఆ ఫ్లాటులో ఉండే హక్కు. నాన్నకు ఫోనులో చెబితే "స్థలం మన పేరున రాదా అమ్మా?" అని కంగారుపడ్డారు. సొసైటీ అప్పు భారం కూడా మన మీద పడుతుందని, వడ్డీలు పెరిగితే నెలనెలా కట్టే రుసుము పెరగవచ్చని వివరించాను. అందుకే సాయంత్రమంతా వాళ్ల వార్షిక నివేదికతోనే గడిచింది. చదరపు మీటరుకు అప్పు ఎక్కువేమీ కాదు. నీటి గొట్టాలు, మురుగు గొట్టాలు ఎప్పుడు మార్చారో మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఆ పని మిగిలి ఉంటే స్నానాల గది పగలగొట్టాల్సిందే, ఆ ఖర్చు అందరి నెత్తినా పడుతుంది.

అద్దెకే ఉందామంటే, ఊరి నడుమ ఇంటి యజమానితో నేరుగా ఒప్పందం దొరకాలంటే బూప్లాట్స్ అనే అద్దె ఇళ్ల క్యూలో ఏళ్లు గడవాలి. ఇప్పుడున్న ఇల్లు వేరొకరి హక్కు మీద మాకిచ్చినది. గడువు ముగిసే ప్రతిసారీ పాప బడి మార్చాల్సి వస్తుందేమోనన్న దిగులు నాకు నిద్ర పట్టనివ్వదు. ఈ పిల్లకు ఒక స్థిరమైన చిరునామా కావాలి.

రేపటి నుంచి ఫోను సందేశాల్లో వేలం మొదలు. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఒప్పందం మీద సంతకం పెట్టేదాకా పాడిన ధరకు ఎవరూ కట్టుబడనక్కరలేదు. కొన్నాక ఎవరెంత పాడారో ఆ జాబితా చేతికిస్తారు, ఆ పద్ధతి నాకు నచ్చింది. మావారూ నేనూ కూర్చుని ఒక అంకె అనుకున్నాం, అది దాటేది లేదు. పొద్దున్నే బ్రోకరుకు ఫోను చేసి గొట్టాల సంగతి అడగాలి. జవాబు తేలేదాకా పాటలోకి దిగం.