అమీన్‌పూర్ చెరువు గట్టున గిజిగాళ్ళు

మియాపూర్‌లో కాపురం పెట్టి ఆరేళ్ళయినా, ఇంటికి అరగంట దూరంలో ఉన్న అమీన్‌పూర్ చెరువును దారిన పోతూ చూడడమే తప్ప, ఒక్కనాడూ ఆగి చూసింది లేదు. పిట్టలను చూడాలంటే కొల్లేరుకో నేలపట్టుకో వెళ్ళాలని, దానికి సెలవులు కుదరాలని ఎదురుచూస్తూ గడిపేశాను. ఆగస్టు చివర్లో ఒక ఆదివారం, రాత్రంతా కురిసిన వాన తెరిపి ఇవ్వగానే, మా తొమ్మిదేళ్ళ అమ్మాయిని స్కూటర్ ఎక్కించుకుని అక్కడికే బయలుదేరాను.

ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటి చెరువు ఇది. 2016లో దీనిని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. మన దేశంలో పట్టణ ప్రాంతపు చెరువుకు ఆ గుర్తింపు దక్కడం అదే మొదటిసారి. అపార్ట్‌మెంట్లు ఎంత దగ్గరగా వచ్చినా, ఒడ్డున రాతిగుండ్లు, గడ్డిదుబ్బులు, తుమ్మచెట్లు మిగిలి ఉండబట్టే పిట్టలకు ఇంకా ఇక్కడ చోటుంది.

గట్టు దిగుతుండగానే ఒక తీతువు మా తల మీదుగా తిరుగుతూ అరవసాగింది. తీతువు కూస్తే కీడని మా అమ్మమ్మ తలుపులు వేసేసేది. గులకరాళ్ళ మధ్య ఉత్త నేల మీద గుడ్లు పెట్టే ఆ పిట్టకు, వాటిని కాచుకోవడానికి ఆ అరుపే ఆధారమని నేను తెలుసుకున్నది చాలా ఆలస్యంగా. మేము వచ్చిన దారినే వెనక్కి నడిచి, చుట్టు తిరిగి వెళ్ళాం. కాసేపటికి అది సద్దుమణిగింది.

అక్కడి నుంచి గంటసేపు కదలనివ్వనిది నీటి మీదికి వంగిన ఒక తుమ్మచెట్టు. కొమ్మల చివర గిజిగాడి గూళ్ళు పదకొండు వేలాడుతున్నాయని అమ్మాయి లెక్కపెట్టింది. పసుపు తలపాగా చుట్టినట్టున్న మగపిట్ట ఒకటి పొడవాటి గడ్డిఆకు అంచును ముక్కుతో కొరికి, ఆ పోగును పట్టుకునే ఎగిరింది. ఆకు నిలువునా చీలి సన్నని పీచుగా దాని వెంట వచ్చింది. కొమ్మకు తలకిందులుగా వేలాడుతూ, ఆ పీచును ఒకవైపు నుంచి దూర్చి, రెండోవైపు నుంచి లాగి, బిగించింది. మళ్ళీ గడ్డి దగ్గరికి వెళ్ళింది.

“నాన్నా, ఈ గూడు సగమే ఉందేం?” అని అమ్మాయి గుసగుసగా అడిగింది. మగపిట్ట సగం వరకే అల్లి ఆడపిట్టను పిలుస్తుందని, ఆమెకు నచ్చితేనే కిందికి దిగే గొట్టంలాంటి దారిని అల్లి పూర్తి చేస్తుందని, నచ్చకపోతే ఆ గూడు అలాగే మిగిలిపోతుందని చెప్పాను. ఆ మాట పూర్తవుతుండగానే గోధుమరంగు ఆడపిట్ట వచ్చి ఆ సగం గూటిలో వాలింది. మగపిట్ట రెక్కలు టపటపలాడిస్తూ పక్కనే కిచకిచలాడింది. ఆమె అల్లికను రెండుచోట్ల ముక్కుతో లాగి చూసి, చప్పుడు లేకుండా ఎగిరిపోయింది. మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నీటి మధ్యలో నలుపు తెలుపుల లకుముకి పిట్ట గాలిలో నిలబడి, గురి చూసి, రాయిలా మునిగింది. చేప దక్కిందో లేదో మేము చూడలేదు. ఎండ ఎక్కుతోంది, ఇంటి దగ్గర టిఫిన్‌కు ఎదురుచూస్తుంటారు, అయినా ఇద్దరికీ లేవబుద్ధి కాలేదు. మగపిట్ట ఆ గూటికి కాస్త ఎడంగా మరో రెమ్మను ఎంచుకుని, తెచ్చిన పచ్చని పీచును దానికి మొదటి చుట్టు చుడుతోంది.