వహాకా లోయలో సున్నపు నీళ్ల రొట్టెలు

మెక్సికోలోని వహాకాకు వెళ్లినవాళ్లు ఎక్కువగా మోంతె అల్బాన్ శిథిలాలు చూసి, కిత్తలి నుంచి తీసే మెస్కాల్ అనే మద్యం రుచి చూసి వస్తారు. నేను వెళ్లింది టోర్టియా అనే మొక్కజొన్న రొట్టె చేసే తీరు మొదటి నుంచి చివరి వరకు చూడటానికి. రొట్టె చేయడమంటే పెనం దగ్గర పని అనుకుంటాం. ఆ లోయలో తిరిగితే అర్థమయ్యేది వేరు: రొట్టె బాగోగులు ముందురోజు రాత్రి సున్నపు నీళ్లలోనే తేలిపోతాయి.

వహాకా నగరం నుంచి మిత్లా వైపు 190వ నంబరు రహదారి మీద షేర్ ట్యాక్సీలో ముప్పై కిలోమీటర్లు పోతే త్లకోలులా. దారికి ఇరువైపులా మెస్కాల్ తీసే కిత్తలి తోటలు. ఆదివారం అక్కడ పెద్ద సంత. చుట్టుపక్కల సపోతెక్ అనే స్థానిక జాతివాళ్ల ఊళ్ల నుంచి ఆడవాళ్లు తెల్ల, పసుపు, ఎరుపు, నీలం మొక్కజొన్నలు తెచ్చి అమ్ముతారు. ఈ లోయలో ఎక్కువగా పండేది బొలీతా అనే నాటు రకం, గింజ కాస్త గుండ్రంగా ఉంటుంది. కొనేటప్పుడు చూడాల్సింది రంగు కాదు, గింజలన్నీ ఒకే పంటవా కాదా అని. పాత గింజా కొత్త గింజా కలిస్తే ఒకటి మెత్తబడేలోపు ఇంకోటి గట్టిగానే ఉండిపోతుంది. విరిగిన గింజలు సున్నాన్ని ఎక్కువ పీల్చుకుని జిగురు కడతాయి, వాటిని ఏరేయాలి.

పెనం కూడా ఆ సంతలోనే దొరుకుతుంది. సాన్ మార్కోస్ త్లపాసోలా ఊరి ఆడవాళ్లు ఎర్రమట్టితో చేసే కొమాల్ అది. వేలి కణుపుతో కొడితే ఖంగుమనాలి, మొద్దుగా మోగితే ఎక్కడో పగులు ఉన్నట్టు. కొన్నాక సున్నాన్ని పల్చగా నీళ్లలో కలిపి పెనం పైభాగమంతా పూసి, సన్నటి సెగ మీద ఆరనివ్వాలి. మట్టిలోని సన్నటి రంధ్రాలు పూడుకుని రొట్టె అంటుకోదు. వాడే ముందు మళ్లీ ఒక పూత వేస్తారు. ఇనుప పెనానికి ఈ పూత అక్కర్లేదు.

అక్కడి నుంచి తివాచీలు నేసే తెయోతిత్లాన్ దెల్ వాయె. నేను దిగిన ఇంటి పెద్దావిడ సాయంత్రం పొయ్యి వెలిగించింది. కొలతలు ఇవీ: కిలో ఎండు మొక్కజొన్నకు 10 గ్రాముల సున్నం, మూడు లీటర్ల నీళ్లు. ముందు సున్నం నీళ్లలో కలిపి, తర్వాత గింజలు వేసి, పైకి తేలిన తాలు తీసేస్తారు. గింజలు చూస్తుండగానే పసుపు తిరుగుతాయి. తెర్లించకూడదు, చిన్నగా బుడగలు వచ్చే మంట చాలు. అరగంట దాటాక ఒక గింజ తీసి బొటనవేలూ చూపుడువేలూ మధ్య రుద్దాలి. పొట్టు జారి వేళ్లకు అంటాలి. గింజను కొరికితే పైన మెత్తగా, నడుమ తెల్లటి పలుకు మిగలాలి. అప్పుడు దించి, మూత పెట్టి, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు వదిలేయాలి. ఈ నానిన గింజే నిష్తమాల్.

తప్పులన్నీ జరిగేది ఇక్కడే. పలుకు లేకుండా ఉడికితే పిండి బంకలా సాగుతుంది, రొట్టె పొంగదు. ఉడుకు తక్కువైతే పిండి పొడిపొడిగా విడిపోతుంది, అంచులు చీలతాయి. సున్నం ఎక్కువైతే చేదు, ఘాటు వాసన. అల్యూమినియం గిన్నె వాడకూడదు, సున్నం దాన్ని తినేస్తుంది. స్టీలు గిన్నె మేలు.

పొద్దున ఆ పసుపు నీళ్లు పారబోసి, గింజలను రెండు మూడుసార్లు కడుగుతారు. పొట్టు మొత్తం పోయేదాకా రుద్దరు. పిండిని పట్టి ఉంచే జిగురులో కొంత ఆ పొట్టులోనే ఉంటుంది. మరీ కడిగేస్తే ముద్ద కట్టదు, కడక్కపోతే సున్నం నోటికి తగులుతుంది.

తెల్లవారకముందే బకెట్లతో మర దగ్గర వరుస మొదలవుతుంది. మన పిండిమర లాంటిదే కానీ ఇక్కడ ఆడేది తడి గింజ. నల్లరాళ్ల మధ్య గింజ నలుగుతుంటే మర నడిపేవాడు సన్నటి ధారగా నీళ్లు వదులుతాడు. ఆ ధార ఎక్కువైతే పిండి జారుతుంది, తక్కువైతే రాళ్లు వేడెక్కి పిండి మాడుతుంది. ఇంటికొచ్చాక పెద్దావిడ మరపిండిని మెతాతె మీద ఇంకోసారి నూరింది. మెతాతె అంటే మూడు కాళ్ల మీద వాలుగా నిలబడే రాతి సన్నికల్లు. మోకాళ్ల మీద కూర్చుని ఒళ్లంతా బరువు పెట్టి తోయాలి. మర ఒక్కటీ చాలదా అంటే చాలుతుంది, కానీ నూరిన పిండి రొట్టె మడిచినా విరగదు.

పిండి తయారైందా లేదా అన్నది చిన్న ఉండ నొక్కి చూస్తే తెలుస్తుంది. అంచు చీలితే చేయి తడిపి పిసకాలి, అరచేతికి అంటితే కాసేపు ఆరనివ్వాలి. 30 గ్రాముల ఉండను రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి ప్రెస్‌తో ఒత్తితే సుమారు 14 సెంటీమీటర్ల రొట్టె వస్తుంది. ఒకేసారి గట్టిగా ఒత్తితే ఒక అంచు పల్చబడుతుంది. సగం ఒత్తి, తిప్పి, మళ్లీ ఒత్తాలి. పై కాగితం ముందు తీసి, రొట్టెను అరచేతిలోకి బోర్లించి, రెండో కాగితం ఒలవాలి.

పెనం మీద నీటిచుక్క పడగానే ఎగిరిపోయేంత వేడి కావాలి. మొదటి వైపు పదిహేను ఇరవై సెకన్లే, అంచు రంగు మారి పెనాన్ని వదలగానే తిప్పాలి. రెండో వైపు నలభై నుంచి అరవై సెకన్లు, గోధుమ మచ్చలు పడేదాకా. మళ్లీ తిప్పితే అప్పుడు పొంగుతుంది. రెండు వైపులా సన్నటి పొరలు ముందే బిగిసి ఉండటం వల్ల లోపలి ఆవిరికి దారి దొరక్క పైపొరను లేపుతుంది. మొదటి వైపు ఎక్కువసేపు ఉంచితే పొర ఎండి బిరుసెక్కుతుంది, ఆవిరి అంచుల్లోంచి జారిపోతుంది. పొంగని రొట్టెకు సగం కారణం అదే, మిగతా సగం చల్లటి పెనం.

అదే రోడ్డు మీద ఇంకొంచెం ముందుకెళ్తే మిత్లా. దాని దగ్గరి గిలా నకిత్స్ గుహలో 6 వేల ఏళ్లకు పైబడిన మొక్కజొన్న కంకులు దొరికాయి. ఆ గుహలున్న ప్రాంతాన్ని యునెస్కో 2010లో వారసత్వ జాబితాలో చేర్చింది. మొక్కజొన్న ఐరోపాకు వెళ్లింది కానీ సున్నం వెంట వెళ్లలేదు. గింజలో బంధించి ఉన్న నియాసిన్ అనే విటమిన్ సున్నంలో ఉడికితేనే ఒంటికి అందుతుంది. అది లేక ఇటలీలోనూ, ఇరవయ్యో శతాబ్ది మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ పేదలు పెలాగ్రా అనే జబ్బుతో బాధపడ్డారు. జొన్న తినే దక్కన్ పేదల్లోనూ ఈ జబ్బు కనిపించింది. దాని కారణాల మీద హైదరాబాద్ పోషకాహార పరిశోధనాలయంలో పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ బృందం 1960లలో చాలా పని చేసింది.

మన ఇళ్లలో చేయాలంటే ఎండు మొక్కజొన్న కావాలి, స్వీట్ కార్న్ పనికిరాదు. విత్తనాల దుకాణంలో కొనకండి, వాటికి మందు పట్టించి ఉంటుంది. తాంబూలం సున్నం రంగూ వాసనా కలపనిదైతే వాడొచ్చు, తడి సున్నంలో నీళ్ల బరువు కలిసి ఉంటుంది కాబట్టి 20 గ్రాములు వేయాలి. గోడకు వేసే సున్నం వద్దు. మిక్సీలో నలగాలంటే నీళ్లు ఎక్కువ పోయాల్సి వస్తుంది, పిండి జారుతుంది. గ్రైండర్‌లో కొద్దికొద్దిగా వేసి, నీళ్లు చిలకరిస్తూ రుబ్బితే నయం. కడిగిన గింజలను జల్లెడలో పూర్తిగా ఓడ్చాకే వేయాలి. అమెరికాలో ఉన్నవాళ్లకు మాసా హరీనా, అంటే సున్నంలో ఉడికించిన మొక్కజొన్నను ఆరబెట్టి చేసిన పిండి, దొరుకుతుంది. దాన్ని గోరువెచ్చటి నీళ్లతో కలిపి అరగంట నాననివ్వాలి. మామూలు మొక్కజొన్న పిండి దానికి బదులు కాదు, ఎంత పిసికినా చీలుతుంది.

కాలిన రొట్టెలను వెంటనే గుడ్డలో ఒకదానిపై ఒకటి పేర్చి చుట్టాలి. పది నిమిషాల్లో తమ ఆవిరికే మెత్తబడతాయి. విడిగా పెడితే అట్టముక్కలైపోతాయి. మిగిలిన పిండిని తడిగుడ్డ కప్పి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి బాగానే ఉంటుంది, బయట ఉంచితే సాయంత్రానికే పులుస్తుంది.